మ్యాచింగ్

జనరల్ బజార్‌లో పందొమ్మిదేళ్ళుగా
చీరలకు జాకెట్టు ముక్క వెతికిపెట్టడమే నా పని.
ఎరుపుని ఊరికే ఎరుపు అనను నేను.
మిరపపండు, దానిమ్మగింజ, ఇటుక,
తోపురంగు, తడిసిన కుంకుమ.
ఒక్క ఎరుపుకే నా వెనక ముప్పై ఆరు తానులు.

ట్యూబులైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు.
అందుకే ముక్క చేతబట్టుకుని
వచ్చినవాళ్ళని గుమ్మం దాకా నడిపిస్తాను:
"ఎండలో చూడండమ్మా, అప్పుడు చెప్పండి."

పోయిన ఆషాఢం సేల్ రోజుల్లో
తొందర తొందరగా మూత తీస్తే
కుక్కర్ ఆవిరి నా ముంజేతిని పట్టుకుంది.
పుండు మానింది. మచ్చ నిలబడిపోయింది.
మోచేతి నుంచి మణికట్టు దాకా
ఏ తానులోనూ లేని రంగు,
ముక్కుపొడికీ వంగపండుకీ మధ్య ఎక్కడో.
కౌంటర్ మీద చెయ్యి చాపితే
చీర వదిలేసి దాన్నే చూస్తారు.

మా ఉజ్వల లైటు పలక తెచ్చింది,
ఆర్నెల్ల వాయిదాల మీద.
రోటీల పీట అంత ఉంది. వెనక నాలుగు బటన్లు:
ఎరుపు, నీలం, పసుపు, పేరు రాయనిది ఇంకొకటి.
నాలుగేనా! నవ్వొచ్చింది నాకు.
నాలుగు రంగులతో దుకాణం తెరిస్తే
బోణీ కూడా కాదు.

వారాసిగూడలో మాది ఒకటిన్నర గది.
భోజనాలయ్యాక వంతులు.
ముందు ఉజ్వల, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని,
మొటిమల మీదికి నీలం.
గదంతా ఆనందనీలం.
ఇంట్లో చేపల తొట్టి పెట్టారా అని
పక్కింటి షాహీన్ అడిగింది.
పద్మారావునగర్ డాక్టరమ్మ ముందే చెప్పింది:
"మన చామనఛాయకి నీలం ఎక్కువైతే
మొటిమ లేచిపోయి నలుపు కూర్చుంటుంది.
వారానికి రెండుసార్లు, చాలు."
పిల్ల వింటుందా? కాలేజీలో ఫేర్‌వెల్ ఉంది.
నేను సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుని
కాపలా కూర్చుంటాను.

తర్వాత నాది, ఎరుపు.
ఏ ఎరుపు అని అడిగాను డాక్టరమ్మని, అలవాటుకొద్దీ.
ఆవిడ ఒక అంకె చెప్పింది. ఆరువందల ముప్పై.
ఒక రంగుని పండుతోనో పువ్వుతోనో కాక
లెక్కతో పిలవడం మొదటిసారి విన్నాను.
చెయ్యి కింద పెట్టాక తెలిసింది:
వేళ్ళ సందుల్లోంచి ఇవతలికొచ్చింది
దానిమ్మగింజే. నేను పొరబడను.
"మచ్చ పోతుందా అమ్మా?"
"పలచబడొచ్చు. మూడు నెలలు చూడండి.
పోకపోతే నన్ను తిట్టకండి."
ఆ మాట నచ్చింది నాకు.
ఉతికినా రంగు పోదని
ఒట్టేసి అమ్మే మనిషిని కాను నేనూ.

ఆఖరికి మా అత్త లచ్చుబాయి మోకాలు.
ఆమెది ఆ పేరులేని నాలుగో బటన్.
నొక్కితే ఏమీ వెలగదు.
"ఏందే, ఖరాబయిందా?"
"లేదత్తా, ఈ వెలుగు కంటికి కనబడదట."
"కనబడని దీపానికి కరెంటు బిల్లు నేను కట్టాల్నా?"
ఐదు నిమిషాలు తిట్టింది. ఆరో నిమిషానికి
"జెర ఎచ్చగనే ఉన్నది" అని
కాలు ఇంకొంచెం దగ్గరికి జరిపింది.
పదో నిమిషానికి గురక.

నేను ఆ చీకటి పలకనే చూస్తూ ఉండిపోయాను.
ఇన్ని తానులు విప్పి చుట్టాను.
నా కంటికి అందని రంగు ఒకటుందని
ఇన్నేళ్ళలో ఒక్క బేరం కూడా చెప్పలేదు.

రెండు నెలలైంది. మచ్చ ఉంది.
ఎండ తగలనివ్వద్దంది డాక్టరమ్మ.
ఒక్క నిమిషమే కదా అని, ఇవాళ
జనం పలచబడిన మధ్యాహ్నం
గుమ్మం దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి
చెయ్యి చాపి చూసుకున్నాను.
వంగపండు తగ్గింది.
ముక్కుపొడిలోకి నూలుపోగంత గంధం దిగింది.
కావచ్చు. లేదా ఎండ మంచి మాట చెబుతోంది.
లోపల్నుంచి పిలుస్తున్నారు,
నెమలికంఠం చీరకు ముక్క కలవడం లేదట.
వస్తున్నానన్నాను.
కొంగు చేతి మీదికి లాక్కోలేదు,
రెండు చేతులా తాను మొయ్యాలిగా.